టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు రివ్యూ: చందా కట్టే ముందు చూడాల్సినవి, చుట్టాలొచ్చిన వారంలో పనికొచ్చేవి

నలుగురిలో మాట్లాడటం సాధన చేసుకోవడానికి సభ్యులు కలిసి నడుపుకునే క్లబ్బులు టోస్ట్‌మాస్టర్స్. అక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండరు. చేరే ముందు ఈ సంగతి తెలియకపోవడం వల్లే చాలామంది మూడు నెలలు తిరక్కుండా మానేస్తారు. సిలబస్ ఉంటుంది, సర్టిఫికెట్లు ఉంటాయి, కానీ నేర్పే బాధ్యత ఒకరి మీద ఉండదు. మీలాగే చందా కట్టిన మనిషి ఒకరు మీ ప్రసంగం వింటూ రాసుకుని, లేచి రెండు మూడు నిమిషాల్లో తన అభిప్రాయం చెబుతారు. ఒకరు గడియారం చూస్తారు. ఇంకొకరు మీరు ఎన్నిసార్లు "ఆ..." అని సాగదీశారో లెక్కపెడతారు. వినేవాళ్ళు, గడియారం, అభిప్రాయం: కట్టే డబ్బుకు వచ్చేవి ఈ మూడు. మొదటి రెండూ దాదాపు ఏ క్లబ్బులోనైనా దొరుకుతాయి. మూడోది మాత్రం క్లబ్బుకీ క్లబ్బుకీ చాలా తేడా. అభిప్రాయం గట్టిగా చెప్పే క్లబ్బు దొరికితే ఇంత తక్కువ ఖర్చులో ఇంత సాధన మరెక్కడా దొరకదు. దొరక్కపోతే వారం వారం చప్పట్లు కొట్టి టీ తాగి రావడమే.

1924 అక్టోబరు 22న అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాంటా ఆనా వైఎంసీఏలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన క్లబ్బు ఇది. అప్పటి పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: సభ్యులే వక్తలు, సభ్యులే శ్రోతలు, సభ్యులే తప్పొప్పులు చెప్పేవాళ్ళు. లాభాపేక్ష లేని సంస్థ, ప్రధాన కార్యాలయం కొలరాడోలో ఉంది. మన దగ్గర హైదరాబాద్‌లో క్లబ్బులు ఎక్కువ. వాటిలో చాలావరకు ఐటీ కంపెనీల లోపల నడిచేవి, బయటివాళ్ళను రానివ్వవు. వెబ్‌సైట్‌లో క్లబ్బు వెతికేటప్పుడు సభ్యత్వం అందరికీ ఉందా, ఆ సంస్థ ఉద్యోగులకేనా అన్న వివరం ఉంటుంది. అది చూడకుండా గచ్చిబౌలి దాకా వెళ్ళి గేటు దగ్గర సెక్యూరిటీతో మాట్లాడి తిరిగొచ్చేవాళ్ళు ఉన్నారు. అందరినీ రానిచ్చే కమ్యూనిటీ క్లబ్బులు మీటింగులు ఎక్కువగా శని, ఆదివారాల్లో పెడతాయి. వెళ్ళే ముందు రోజు పేజీలో ఉన్న మెయిల్‌కో నంబరుకో ఒక మెసేజ్ పెట్టడం మంచిది, ఎందుకంటే హాలు మారిన సంగతి వెబ్‌సైట్‌లో ఆలస్యంగా ఎక్కుతుంది. సభ్యత్వానికి 18 ఏళ్ళు నిండాలి.

మీటింగు గంటన్నర నుంచి రెండు గంటలు. మూడు భాగాలు. మొదట సిద్ధమై వచ్చిన ప్రసంగాలు, మామూలుగా రెండో మూడో. తర్వాత టేబుల్ టాపిక్స్, అంటే అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్న మీద ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడటం. చివర ఎవాల్యుయేషన్లు, అంటే ప్రసంగాల మీద సభ్యులు చెప్పే అభిప్రాయాలు. వాటితోపాటు గడియారం చూసే టైమర్ రిపోర్టు, "ఆ..."లు లెక్కపెట్టే ఆ-కౌంటర్ రిపోర్టు, గ్రామేరియన్ రిపోర్టు, ఆ రోజు ఎవరు బాగా మాట్లాడారో తేల్చే ఓట్లు, రిబ్బన్లు. గ్రామేరియన్ భాషలో మంచి ప్రయోగాలు, తప్పులు పట్టుకుంటారు. ఆ రోజుకో కొత్త మాట ఇచ్చి అందరూ వాడేలా చూస్తారు. మొత్తం సభను ఆ రోజుకు టోస్ట్‌మాస్టర్ అనే పాత్ర తీసుకున్న సభ్యులొకరు నడుపుతారు, ఎవాల్యుయేషన్ భాగాన్ని జనరల్ ఎవాల్యుయేటర్ నడుపుతారు.

టైమింగు కచ్చితంగా ఉంటుంది. మొదటి ప్రసంగమైన ఐస్ బ్రేకర్‌కు 4 నుంచి 6 నిమిషాలు: నాలుగో నిమిషానికి పచ్చ కార్డు, అయిదుకు పసుపు, ఆరుకు ఎరుపు. మామూలు ప్రసంగానికి 5, 6, 7. టేబుల్ టాపిక్స్‌కు ఒకటి, ఒకటిన్నర, రెండు. ఎవాల్యుయేషన్‌కు రెండు, రెండున్నర, మూడు. ఎరుపు పడ్డాక 30 సెకన్ల వెసులుబాటు. అది దాటితే చాలా క్లబ్బుల్లో ఆ రోజు ఓటింగుకు మీ పేరు ఉండదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు టైమర్ దగ్గరే: ప్రసంగంలో పడిపోయి కార్డు ఎత్తడం మరిచిపోతారు, లేదా ఏ మూలో కూర్చుంటారు. టైమర్ రెండో మూడో వరుసలో, వక్త చూపు సహజంగా పడే చోట కూర్చోవాలి. కార్డును ఛాతీ ఎత్తుకు లేపి, తర్వాతి కార్డు దాకా అలాగే ఉంచాలి. ఆన్‌లైన్ మీటింగుల్లో కార్డుల బదులు టైమర్ తన వెనక బ్యాక్‌గ్రౌండు రంగు మారుస్తారు. వక్త స్పీకర్ వ్యూలో ఉంటే అది కనబడదు, కాబట్టి మాట్లాడే ముందే టైమర్‌ను పిన్ చేసుకోవాలి.

అతిథిగా వెళితే డబ్బేమీ తీసుకోరు. మొదట్లో పేరు చెప్పమంటారు, చివర మీటింగు ఎలా ఉందో రెండు మాటలు అడుగుతారు. మధ్యలో టేబుల్ టాపిక్స్‌కు పిలవొచ్చు. "ఈసారికి వింటానండీ" అంటే ఎవరూ బలవంతం చేయరు. అయినా లేచి మాట్లాడటమే మంచిది. ముప్పై సెకన్లు మాట్లాడి కూర్చున్నా ఫరవాలేదు, మీ భయం ఏ రకందో అక్కడ తెలిసిపోతుంది: కాళ్ళు వణికే రకమా, మాట తడుముకునే రకమా, మాటలు వరదలా వచ్చి ఆపలేని రకమా. ఈ మూడింటికీ సాధన వేరు వేరు.

ఒక్క మీటింగు చూసి ఫారం నింపవద్దు. కనీసం రెండు క్లబ్బులకు, ఒక్కో క్లబ్బుకు రెండేసి సార్లు వెళ్ళాలి. మొదటిసారి అతిథి మర్యాదలు చూస్తారు. రెండోసారి ఎవాల్యుయేటర్లను చూడండి, అసలు సరుకు అక్కడుంది.

నాసి ఎవాల్యుయేషన్ ఇలా ఉంటుంది: "అద్భుతంగా మాట్లాడారు. చిరునవ్వు బాగుంది. ఐ కాంటాక్ట్ కాస్త పెంచుకుంటే ఇంకా బాగుంటుంది. ఓవరాల్‌గా సూపర్." ఈ నాలుగు వాక్యాలు ఏ ప్రసంగానికైనా అతుకుతాయి, ప్రసంగం వినకపోయినా చెప్పొచ్చు. పనికొచ్చేది ఇలా ఉంటుంది: "నాన్నగారి సైకిల్ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు, హాలంతా ముందుకు వంగి విన్నది. ఆ వెంటనే కాగితం చూసుకోవడంతో పట్టు జారింది. సైకిల్ అమ్మేసిన వాక్యం ఒక్కటి నోటికి వచ్చేలా పెట్టుకోండి, ఆ వాక్యం అయ్యాక మూడు సెకన్లు ఆగండి. ఇంకోటి, ముగింపు రెండుసార్లు వచ్చింది. మొదటి ముగింపే బలమైంది, రెండోది తీసేయండి." ఇందులో చోటు ఉంది, కారణం ఉంది, వచ్చేసారి చేయాల్సిన పని ఉంది. వక్త ఇంటికెళ్ళి అదే ప్రసంగాన్ని సరిచేసుకోగలరు. మీరు చూసిన రెండు మీటింగుల్లో ఇలాంటి ఎవాల్యుయేషన్ ఒక్కటైనా వినబడకపోతే, హాలు ఎంత బాగున్నా, మనుషులు ఎంత ఆప్యాయంగా ఉన్నా, ఇంకో క్లబ్బు చూసుకోండి.

ముందు మెచ్చుకుని, మధ్యలో సలహా పెట్టి, చివర మళ్ళీ మెచ్చుకునే పద్ధతిని కొత్తవాళ్ళకు నేర్పుతారు. పద్ధతి తప్పు కాదు, మనిషిని నొప్పించకుండా చెప్పడానికి పుట్టింది. మన దగ్గర మాత్రం ఎదుటివాళ్ళ తప్పు మొహం మీద చెప్పలేని మొహమాటం దీనికి తోడై, మధ్యలో ఉండాల్సిన సలహా కరిగిపోతుంది. పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇది మరీ ఎక్కువ. దీనికి సులువైన మార్గం ఉంది. మాట్లాడే ముందే మీ ఎవాల్యుయేటర్‌కు ఫోన్ చేసి, "ఈసారి నా చేతులు ఎలా కదులుతున్నాయో ఒక్కటే చూడండి" అని అడిగితే వాళ్ళకు మొహమాటం పోతుంది, మీకు కావలసింది వస్తుంది.

ఇక లెక్క. చేరేవాళ్ళలో ఎక్కువమంది ఇది చూడరు. ఆ క్లబ్బులో మీకు ఎన్నాళ్ళకోసారి ప్రసంగం దక్కుతుంది? చురుగ్గా వచ్చే సభ్యుల సంఖ్యను నెలలో దొరికే ప్రసంగాల సంఖ్యతో భాగించండి. వారం వారం కూడి, మీటింగుకు మూడు ప్రసంగాలు పెట్టే క్లబ్బులో 18 మంది చురుగ్గా ఉంటే ఒక్కొక్కరికి ఆరు వారాలకోసారి వంతు. అలాగే మూడు ప్రసంగాలు పెట్టి, పదిహేను రోజులకోసారి కూడే క్లబ్బులో 24 మంది ఉంటే నాలుగు నెలలకోసారి. పాత్‌వేస్ అనే వాళ్ళ సిలబస్‌లో ఒక్కో పాత్‌కు, అంటే మీరు ఎంచుకునే ఒక్కో కోర్సుకు, అయిదు లెవెల్స్. మొదటి లెవెల్‌లో ఐస్ బ్రేకర్, ఉద్దేశంతో ప్రసంగం రాయడం, గొంతులో హెచ్చుతగ్గులూ శరీర భాషా, తర్వాత ఎవాల్యుయేషన్‌కు సంబంధించిన ప్రాజెక్టు ఉంటాయి. ఆఖరి ప్రాజెక్టులోనే రెండు ప్రసంగాలు, ఇంకొకరికి ఇచ్చే ఒక ఎవాల్యుయేషన్ ఉన్నాయి. అంటే మొదటి లెవెల్‌కే అయిదు ప్రసంగాలు. ఆరు వారాలకోసారి వంతు వస్తే ఏడెనిమిది నెలలు, నాలుగు నెలలకోసారి వస్తే ఏడాదిన్నర దాటుతుంది. సభ్యులు ఎక్కువగా ఉన్న క్లబ్బు కన్నా పది పదిహేనుమంది మానకుండా వచ్చే క్లబ్బు కొత్తవాళ్ళకు మేలు. మరీ తక్కువైతే మూతపడే భయం ఉంటుంది: క్లబ్బు గుర్తింపు నిలబడాలంటే కనీసం ఎనిమిదిమంది చందా కట్టాలి.

చందా సంగతి. అంతర్జాతీయ సంస్థకు ఆరు నెలలకు 60 డాలర్లు, 2023 అక్టోబరు నుంచి ఇదే రేటు. కొత్తగా చేరేవాళ్ళు ఒక్కసారి 20 డాలర్లు అదనంగా కట్టాలి. రూపాయల్లో ఆరు నెలలకు అయిదు వేల పైచిలుకు. దీని మీద హాలు అద్దె, ఫలహారాల కోసం క్లబ్బు వేసుకునే సొమ్ము వేరు, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఫారం నింపే ముందు "అన్నీ కలిపి మొత్తం ఎంత?" అని ట్రెజరర్‌ను అడగండి. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. మధ్యలో చేరితే మిగిలిన నెలలకే లెక్కగడతారు. సంక్రాంతి నెలలో చేరితే మార్చి దాకా మూడు నెలలకు 30, చేరిక రుసుము 20, కలిపి 50 డాలర్లు. మార్చి ఆఖరులో క్లబ్బు నచ్చిందో లేదో చూసుకుని కొనసాగవచ్చు. ఆరు నెలలకు ఒకేసారి కట్టే కన్నా ఇది తెలివైన దారి.

భాష దగ్గర మాత్రం నిరాశ తప్పదు. మన దగ్గరి క్లబ్బులు చాలావరకు ఇంగ్లీషులోనే నడుస్తాయి. పాత్‌వేస్ పాఠాలు తెలుగులో లేవు. తెలుగులో నడిచే క్లబ్బులు, రెండు భాషల క్లబ్బులు కొన్ని ఉన్నాయి, అమెరికాలోని తెలుగువాళ్ళు నడిపేవి కూడా వాటిలో ఉన్నాయి. కానీ అక్కడా పాఠం ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో మాట్లాడాల్సిందే. ఆఫీసు కోసమైతే ఇది ఇబ్బంది కాదు. ఇంట్లో, ఊళ్ళో, సభల్లో మాట్లాడాలనుకునేవాళ్ళు మాత్రం క్లబ్బు వాళ్ళను ముందే అడగాలి: "నా ప్రసంగాల్లో కొన్ని తెలుగులో ఇవ్వొచ్చా? ఎవాల్యుయేట్ చేయడానికి తెలుగు వచ్చినవాళ్ళు ఉన్నారా?" ఒప్పుకునే క్లబ్బులు ఉన్నాయి.

తెలుగులో మాట్లాడితే ఆ-కౌంటర్ పని మారిపోతుంది. ఇంగ్లీషు పట్టికలో ఆ, ఉమ్, సో, లైక్, యూ నో అని గళ్ళు ఉంటాయి. తెలుగు వక్తకు ఆ పట్టిక పనికిరాదు. తెలుగులో ఊతపదాలు వాక్యం మొదట్లో "అంటే", "ఏంటంటే", "ఇప్పుడు", మధ్యలో "అదీ...", "మరి...", చివర "అన్నమాట", "కదా" రూపంలో వస్తాయి. వీటికి తోడు "యాక్చువల్‌గా", "బేసికల్‌గా". వీటిలో "అన్నమాట" అన్నిటికన్నా మొండిది. వాక్యం పూర్తయ్యాక వస్తుంది కాబట్టి మాట్లాడేవాళ్ళకు వినబడదు, వినేవాళ్ళకు మాత్రం ప్రతి వాక్యం చివరా తగులుతుంది. ఒక కాగితం తీసుకుని నాలుగు నిలువు గళ్ళు గీయండి: ముందు, మధ్య, చివర, సాగదీత. ప్రసంగం నడుస్తుండగా గీతలు పెట్టండి. ఏ గడిలో గీతలు ఎక్కువున్నాయో దాన్ని బట్టి మందు. "ముందు" గడి నిండితే వక్త ఆలోచించుకోకుండా మొదలుపెడుతున్నారని అర్థం, వాక్యానికీ వాక్యానికీ మధ్య నోరు మూసి ఊపిరి తీసుకోవడం అలవాటు చేయాలి. "చివర" గడి నిండితే ముగించే ధైర్యం చాలడం లేదు, ప్రతి వాక్యాన్ని క్రియతో ఆపి గొంతు కిందికి దించడం సాధన చేయాలి. వీటిని పూర్తిగా తుడిచిపెట్టాల్సిన పని లేదు. నాలుగు నిమిషాల్లో రెండు మూడు "అంటే"లు వస్తే మాట సహజంగానే ఉంటుంది.

ఇప్పుడు చుట్టాలొచ్చిన వారం. సంక్రాంతికో, దసరాకో, వేసవి సెలవుల్లోనో ఇల్లు నిండిన వారంలో ముందు దెబ్బతినేది ఆదివారం ఉదయం మీటింగే. దీనికి చేయాల్సిన ఏర్పాటు రెండు వారాల ముందే చేసుకోవాలి. పాత్రలు పంచేది వైస్ ప్రెసిడెంట్ ఎడ్యుకేషన్, క్లబ్బుల్లో వీపీఈ అంటారు. ఆ వారానికి ప్రసంగం గానీ, టోస్ట్‌మాస్టర్ పాత్ర గానీ తీసుకోకండి, రెండిటికీ ముందు రోజుల్లో బోలెడు పని ఉంటుంది. టైమర్ లేదా ఆ-కౌంటర్ తీసుకోండి, ఇంటి దగ్గర సిద్ధం కావలసింది దాదాపు ఏమీ ఉండదు. రాలేమని తెలిస్తే రెండు రోజుల ముందే చెప్పాలి. ఖాళీ అయిన పాత్రకు మనిషిని మీరే వెతికి, ఇద్దరి పేర్లూ కలిపి వీపీఈకి మెసేజ్ పెట్టాలి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి "బంధువులొచ్చారండీ, రాలేను" అన్న మెసేజ్‌తో ఆ రోజు మీటింగు కుంటుపడుతుంది. ఇలా రెండుసార్లు జరిగితే తర్వాత మీకు ప్రసంగం ఇవ్వడానికి వీపీఈ వెనకాడతారు.

వచ్చినవాళ్ళలో ఒకరిద్దరిని అతిథులుగా తీసుకెళ్ళవచ్చు. క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న పిన్ని కొడుకు, రిటైరయ్యాక ఏదో ఒకటి చేయాలనుకుంటున్న బాబాయ్, ఇలాంటివాళ్ళకు బాగా పనికొస్తుంది. ముందు చెప్పి తీసుకెళ్ళండి: పేరు అడుగుతారు, టేబుల్ టాపిక్స్‌కు పిలవొచ్చు, వద్దనవచ్చు. చెప్పకుండా తీసుకెళ్ళి వాళ్ళను నిలబెట్టి ఇబ్బంది పెడితే ఇంకోసారి రారు. చిన్నపిల్లలను వెంట తేవచ్చా అని క్లబ్బు వాళ్ళను అడిగి తేవాలి. పద్దెనిమిది లోపు పిల్లలకు గావెల్ క్లబ్బులని వేరే ఉన్నాయి. బడి, కాలేజీ ద్వారా కూడా నడుస్తాయి.

మీటింగుకు వెళ్ళడం కుదరకపోయినా ఆ వారం వృథా కానక్కర్లేదు. భోజనాలయ్యాక డాబా మీద టేబుల్ టాపిక్స్ పెట్టవచ్చు, క్లబ్బులో దొరకని శ్రోతలు అక్కడ దొరుకుతారు. చీటీల మీద ప్రశ్నలు రాసి ఒక గిన్నెలో వేయండి. ప్రశ్న ఎవరి అనుభవంలోకైనా తేలిగ్గా దిగేలా ఉండాలి: "మీ బడిలో మీకు భయం పుట్టించిన మాస్టారు", "ఇంట్లో మొదటిసారి టీవీ వచ్చిన రోజు", "మీ చేతి వంటల్లో ఎవరికీ నచ్చనిది". "దేశాభివృద్ధిలో యువత పాత్ర" లాంటివి వేస్తే పిల్లలు లేచి పోతారు. మనిషికి ఒక నిమిషం చాలు. ఫోన్ టైమర్ చిన్నపిల్ల చేతికిస్తే కచ్చితంగా చూస్తుంది. తాతయ్య మూడు నిమిషాలు మాట్లాడితే మాట్లాడనివ్వండి, గడియారం చిన్నవాళ్ళకే. ఇంకో ముఖ్యమైన సంగతి: అక్కడ ఎవరినీ ఎవాల్యుయేట్ చేయకండి. అడగనిదే మావయ్య మాటల్లో ఊతపదాలు లెక్కపెట్టి చెబితే ఆ సాయంత్రం పాడవుతుంది. క్లబ్బులో తప్పు చెప్పించుకోవడానికి అందరూ ఒప్పుకుని కూర్చుంటారు, ఇంట్లో అలా ఎవరూ ఒప్పుకోలేదు.

క్లబ్బు అలవాట్లలో ఏవి ఇంటి ఫంక్షన్‌కు పనికొస్తాయి, ఏవి రావు? షష్టిపూర్తికి "రెండు ముక్కలు మాట్లాడరా" అని మైకు చేతికిచ్చారనుకోండి. పనికొచ్చేవి: ఒకే ఒక్క విషయం ఎంచుకోవడం, మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి పెట్టుకోవడం, మూడు నిమిషాల్లో ముగించడం. రానివి చాలా ఉన్నాయి. సభను సంబోధించే క్లబ్బు పద్ధతి, వేదిక మీద అటూ ఇటూ నడవడం, పెద్ద పెద్ద చేతి సైగలు, ప్రేక్షకులను ప్రశ్న అడిగి చేతులెత్తించడం. అత్తయ్యలూ మావయ్యలూ కూర్చున్న చోట ఇవన్నీ నాటకంలా కనిపిస్తాయి. నిలబడ్డ చోటే నిలబడి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, షష్టిపూర్తి జరుపుకుంటున్న దంపతుల వైపు సగం, బంధువుల వైపు సగం తిరిగి మాట్లాడితే చాలు.

మొదలు ఇలా: పెద్దలకు నమస్కారం, అందరికీ స్వాగతం, ఒక్క వాక్యం. పేరు పేరునా బంధువులను పలకరించకండి. నలభై పేర్లు చెప్పి నలభై ఒకటో పేరు మరిచిపోతే అది ఏళ్ళ తరబడి మాటగా మిగులుతుంది. "నాన్నగారు చాలా కష్టపడ్డారు, మమ్మల్ని ఎంతో ప్రేమగా పెంచారు" అన్న వాక్యాలు ప్రతి షష్టిపూర్తిలోనూ వినబడేవే. వాటి బదులు ఒకే సంఘటన తీసుకోండి, అందులో కంటికి కనబడే వస్తువు ఒకటి ఉండాలి: ఫీజు కట్టడానికి అమ్మేసిన స్కూటరు, రాత్రి డ్యూటీ నుంచి తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్టు, పదో తరగతి ఫలితాల రోజు పేపరు కొనడానికి బస్టాండు దాకా వెళ్ళడం. సంఘటనకు రెండు నిమిషాలు, దానివల్ల మీకేమి నిలిచిపోయిందో అరనిమిషం, పాదాభివందనంతో ముగింపు. రాసుకున్నదాన్ని ఫోన్ టైమర్ పెట్టి, మైకు ముందు మాట్లాడినంత గట్టిగా చదవాలి. మనసులో చదువుకుంటే రెండు నిమిషాలు వచ్చేది నోటితో చదివితే మూడు దాటుతుంది, వేదిక మీద ఏడుపొస్తే ఇంకా పెరుగుతుంది. గొంతు పూడుకుపోయే వాక్యం ఎక్కడుందో ఇంట్లోనే తెలుసుకుని, దాని ముందు ఒక చిన్న వాక్యం పెట్టుకోండి. ఊపిరి తీసుకోవడానికి అది ఆసరా.

వేళ కూడా ముఖ్యమే. అక్షతలు వేయడానికి వరస మొదలయ్యాక ఎవరూ వినరు, భోజనాల పిలుపు వచ్చాక అసలే వినరు. వరస మొదలయ్యే ముందు, దంపతులు కుర్చీల్లో కూర్చుని ఫొటోగ్రాఫర్ సర్దుకునే ఆ అయిదారు నిమిషాలు సరైనవి. పురోహితుడికీ, సన్నాయి మేళం వాళ్ళకూ ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే మీ రెండో వాక్యం మీద డోలు పడుతుంది. మైకు నోటికి రెండు మూడు వేళ్ళ దూరంలో, గడ్డం ఎత్తున పట్టుకోండి. సౌండ్ బాక్సు ముందు నిలబడితే కీచుమంటుంది, దాని వెనక్కి జరగాలి. చేత్తో తట్టి చూడటం, నోటితో ఊదడం వద్దు. "అందరికీ నమస్కారం" అనగానే పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

ఇంటి కార్యాల్లో మాట్లాడటం కోసమే అయితే ఏడాది సభ్యత్వం అక్కర్లేదు. ఐస్ బ్రేకర్, దాని తర్వాత రెండు ప్రసంగాలు, పది పన్నెండు టేబుల్ టాపిక్స్ అయ్యేసరికి కావలసిన ధైర్యం వచ్చేస్తుంది. ఆఫీసులో ప్రెజెంటేషన్లు, సభా నిర్వహణ, జట్టును నడపడం నేర్చుకోవాలంటే ఇంకా ఉండాలి. ఆ పనులు క్లబ్బు అధికారిగా ఒక ఏడాది చేస్తే వచ్చేంతగా ప్రసంగాలతో రావు. వీపీఈగా ఉన్నవాళ్ళు మనుషులను అడగడం, ఒప్పించడం, చివరి నిమిషంలో ఖాళీ పూడ్చడం నేర్చుకుంటారు.

లోపాలు. చప్పట్లు మరీ ఎక్కువ. ప్రతి మాటకూ చప్పట్లు పడితే ఏది బాగుందో వక్తకు తెలియదు. చాలాకాలం ఉన్నవాళ్ళకు ఒకే మూస శైలి పట్టుకుంటుంది: హఠాత్తుగా గొంతు పెంచడం, నాటకీయంగా ఆగడం, మూడు పాయింట్లు, చివర ఒక నీతి. పోటీల్లో అది గెలిపిస్తుంది, బయట వినేవాళ్ళకు కృత్రిమంగా తోస్తుంది. దీనికి విరుగుడు మూడు నెలలకోసారి క్లబ్బుకు సంబంధం లేని మనిషికి మీ ప్రసంగం వినిపించడం. క్లబ్బుకు ఏటా పది లక్ష్యాల పట్టిక ఉంటుంది, సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30 దాకా. మే, జూన్ నెలల్లో లెవెల్స్ తొందరగా పూర్తి చేయమని, కొత్తవాళ్ళను చేర్చమని ఒత్తిడి పెరుగుతుంది. ఆ నెలల్లో పదిరోజులకోసారి అరకొరగా సిద్ధమై ప్రసంగాలు ఇచ్చేస్తే సర్టిఫికెట్ వస్తుంది, మీ మాట మాత్రం మెరుగుపడదు. ఒక్కో ప్రసంగానికి కనీసం మూడుసార్లు నిలబడి రిహార్సల్ చేసే తీరిక ఉన్నప్పుడే తీసుకోండి.

మార్చి, సెప్టెంబరు ఆఖరులో చందా తిరిగి కట్టే ముందు మీ లెక్క మీరు చూసుకోండి. ఆరు నెలల్లో ఎన్ని ప్రసంగాలు దక్కాయి, టేబుల్ టాపిక్స్‌కు ఎన్నిసార్లు లేచారు, వచ్చిన ఎవాల్యుయేషన్లలో ఎన్నిటిని మీరు ఆచరణలో పెట్టగలిగారు. ప్రసంగాలు మూడు కన్నా తక్కువైతే ముందు వీపీఈతో మాట్లాడండి, ఖాళీ తేదీలు అడిగి మూడు నెలలకు ముందే పేరు రాయించుకోండి. అలా కూడా కుదరకపోతే ఇంకో క్లబ్బుకు బదిలీ పెట్టుకోవచ్చు. పాత సభ్యులు కాబట్టి ఆ 20 డాలర్ల చేరిక రుసుము మళ్ళీ పడదు. కొత్త క్లబ్బు వాళ్ళకు ఫారంలో మీ పాత సభ్యత్వ సంఖ్య రాసిస్తే పూర్తి చేసిన ప్రాజెక్టులన్నీ అలాగే ఉంటాయి.